చర్చిలో నయమైన భుజం

ఫోన్ చేతిలో ఉంటే మా మరిదికి అన్నం కూడా అక్కర్లేదు. ఇడ్లీ తింటే స్టేటస్, సిరుగుప్ప బస్సు ఆలస్యమైతే స్టేటస్. నాకు యాక్సిడెంట్ అయిన రోజు నన్ను స్ట్రెచర్ మీద ఆస్పత్రి లోపలికి తోసుకుపోతుంటే, పక్కనే పరిగెడుతూ అదీ తీశాడు. కింద "ప్రార్థించండి" అని రాసి, చేతులు జోడించిన బొమ్మలు వరసగా అంటించాడు. నాకు మత్తు దిగీ దిగకముందే ఎంతమంది చూశారో చెప్పాడు.

హగరి వంతెన దగ్గర నేనెక్కిన ఆటోను వెనక నుంచి ఒక కారు గుద్దింది. నా కుడి భుజం ఎముక విరిగితే ప్లేటు వేశారు. ఆ తర్వాత ఆ చెయ్యి భుజం ఎత్తు దాటి లేవలేదు. నేను బళ్లారి బ్రూస్‌పేటలో జీన్సు ప్యాంట్లు కుట్టేదాన్ని. ఆ మందపాటి గుడ్డ కట్టలు లేపి మిషన్ మీదికి ఎక్కించుకుంటే గానీ పని నడవదు. రెండు రోజులు చూసి, పనిచ్చినవాళ్లు ఇంట్లోనే ఉండమన్నారు. ఈ చెయ్యి ఇక కుట్టుపనికి పనికిరాదని కోర్టు నమ్మితేనే కారు ఇన్సూరెన్సు వాళ్లు పరిహారం ఇస్తారు. నమ్మకపోతే నాకు పనీ లేదు, పరిహారమూ లేదు.

మా లాయరు మొదటి రోజే హెచ్చరించాడు. "ఫోటో బ్యాడ, స్టేటస్ బ్యాడ, ఏదీ వద్దు. పెండ్లిలో నగుతా నిలబడేది కూడా బ్యాడమ్మా. వాళ్ల లాయర్లు పొద్దున లేస్తానే మీ ఫోన్లే చూస్తాంటారు."

ఆయన మాట అక్షరం పొల్లుపోకుండా పాటించాను. నా ఫోటో తీసేసి గులాబీ పువ్వు పెట్టాను. చుట్టాల పెళ్లిలో గ్రూపు ఫోటో అంటే బాత్‌రూమ్‌లో దాక్కున్నాను. మరిది ఫోన్ లాక్కుని నా బొమ్మలన్నీ తీసేయించి, "కోర్టంటే ఏందనుకుంటివప్పా, నీ ఫేస్‌బుక్ అనుకుంటివా?" అని నలుగురిలో కడిగేశాను. నా అంత తెలివైనది ఈ బళ్లారి జిల్లాలోనే లేదని నాకు గట్టి నమ్మకం.

ఇక మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. జబ్బుపడి లేచినవాళ్లు ఆదివారం ప్రసంగానికి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. అందులో సగం నయం, ముప్పావు నయం అనేవి ఉండవు. "ప్రభువు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడు" అనాలి, అంతే. మోకాళ్లు అరిగినవాళ్లు కుంటుకుంటూ మైకు దాకా వచ్చి ఆ మాటే చెప్పి, కుంటుకుంటూ వెనక్కి పోతారు. అందరం హల్లెలూయా అంటాం. మేం చూసేది ఒకటి, అనేది ఒకటి. దాన్ని మేం విశ్వాసం అంటాం.

మా అత్త నాకోసం నలభై దినాలు ఉపవాస ప్రార్థన చేసింది. "అన్ని దినాలు పస్తులుంటి, లేచి ఒక్క మాట చెప్పలేవా?" అని రోజూ దెప్పేది. ఆ పోరు పడలేక ఒక ఆదివారం లేచాను. సంపూర్ణంగా స్వస్థపరిచాడన్నాను. అది చాలదన్నట్టు, "ఈ భుజంలో ఇప్పుడు రవ్వంత నొప్పి కూడా లేదు" అని సొంతంగా ఒక ముక్క కలిపాను. అందరికన్నా గట్టిగా హల్లెలూయా అన్నది మా అత్తే.

మా ఆరాధన ప్రతి వారం ఫేస్‌బుక్‌లో లైవ్ వస్తుందని నాకు తెలుసు. పెట్టేది మరిదే. అయినా దేవుని సన్నిధిలో చెప్పింది కోర్టు దాకా పోతుందని నా బుర్రకు తట్టలేదు. ఇడ్లీ ఫోటోలు పెట్టేవాణ్ని అన్ని తిట్లు తిట్టిన నేను, ఎంత మొద్దుదాన్ని!

అవతలి లాయరు ఆ వీడియో కోర్టులో పెట్టాడు. నా గొంతు హాలంతా మోగింది. దొంగను పట్టుకున్న పోలీసులా మురిసిపోతూ, "ఏమమ్మా, చర్చిలో అబద్దం చెప్పినావా, ఈడ అబద్దం చెప్తాండావా?" అన్నాడు.

వెనక బల్ల మీద అత్త ఉంది. చర్చిలో చెప్పింది అబద్ధమంటే, ఆమె ఉపవాసాలన్నీ నలుగురిలో కొట్టిపారేసినట్టే. నిజమంటే కేసు పోయినట్టే. చివరికి, "నాకు రోజూ జడ ఏసేది మా అత్త సార్. ఆమెనే అడగండి" అన్నాను.

జడ్జి గారు ఆమెను పిలిపించి, నిజమేనా అని అడిగారు.

"నిజమే సామీ. చెయ్యి పైకి లేస్తే కదా దువ్వుకునేది? ఆస్పత్రి నుంచి వచ్చినకాడ్నించి నేనే ఏస్తాండా. ఆ ఆదివారం పొద్దున కూడా నేనే ఏస్తి."

"మరి హల్లెలూయా అని అరిసింది ఎవరమ్మా?" అన్నాడు అవతలి లాయరు.

"నేనే. నలభై దినాలు అడిగినా ఆయన నయం చెయ్యలేదని అందర్లో ఎట్ల చెప్పేదప్పా? ఆయనకు నామర్దా కాదా?"

జడ్జి గారు వీడియోను పక్కనపెట్టి చెయ్యి ఇక లేవదని రాసిచ్చిన డాక్టరు మాటనే నమ్మారు. కొన్ని నెలలకు పరిహారం వచ్చింది. అత్త ఇప్పటికీ తెల్లవారుజామునే లేచి, ఇంట్లో అందరి పేర్లూ చెప్పి ప్రార్థన చేస్తుంది. నా భుజం సంగతి మాత్రం ఆయన్ని అడగడం మానేసింది.