పోనిచ్చిన దారి

మా మేడ మీద అద్దెకుండే ఇంజనీరు, వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో చేరినవాడు, పోయిన నెల ఒక ఆదివారం కిందికి దిగివచ్చి, సూళగిరి దగ్గర లేఔటులో స్థలం కొన్నాననీ, అక్కడ ఇళ్ళు కట్టుకుంటున్న వాళ్ళంతా కొత్తవాళ్ళేననీ, హోసూరు అంటే ఏమిటో, చుట్టుపక్కల ఏమేమున్నాయో ఒక పేజీ రాసిస్తే ఫోన్లలో అందరికీ పంపుకుంటామనీ అడిగాడు. ఆ లేఔటు ఎక్కడో కనుక్కోకుండానే సరేనన్నాను. చిన్నప్పటి నుంచీ నా వరస ఇంతే, ముందు తల ఊపేస్తాను, ఆలోచన తర్వాత.

రాయడానికేం, నలభై ఏళ్ళుగా చూస్తున్న ఊరు. పొద్దున బస్సెక్కితే ఆఫీసు వేళకు బెంగళూరులో దిగవచ్చు, మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ చలి మారదు. కొండ మీద గుడి, కొండ కింద బస్టాండు, చుట్టూ ఫ్యాక్టరీలు, వాటిని దాటితే ప్లాస్టిక్ పైకప్పుల కింద గులాబీ తోటలు. కూరగాయల అంగడిలో తెలుగులో బేరం మొదలుపెట్టి, తమిళంలో అలిగి, కన్నడంలో రాజీపడే మా ఇంటావిడ లాంటి వాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. నాతో పాటు ఫ్యాక్టరీల్లో చేరిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సైరన్ మోగగానే సైకిళ్ళన్నీ ఒక్కసారిగా రోడ్డెక్కితే ఎదురొచ్చే బస్సే ఆగి దారి ఇచ్చేది. ఇదంతా హుషారుగా రాసుకుంటూ పోయి, మేడ మీదికి వెళ్ళి, ఇంతకీ మీ లేఔటు ఎక్కడయ్యా అని అడిగాను. రెండు గుట్టల మధ్య సందులో అన్నాడు. ఇక అక్కడితో నా చెయ్యి ఆగిపోయింది.

మాది బేరిగై పక్కన చిన్న ఊరు, గొర్రెల కాపరుల ఇల్లు. రాగి కోతలు అయిపోగానే మా నాయన, మా అన్న మందను తోలుకుని సూళగిరి వైపు పోయేవారు. ఏ రైతు పొలంలో మంద నిలిస్తే ఆ పొలానికి ఎరువు, మావాళ్ళకు ఆ ఇంటి రాగిముద్ద. గుట్టల అవతల మేతా, చెరువూ ఉన్నాయి. అక్కడికి చేరాలంటే ఆ సందులోని ఒక రైతు పొలం మీదుగానే పోవాలి, వేరే దారి లేదు. పొలంలో పంట ఉంటే ఆయన గట్టు వెంట గొర్రెలు పట్టేంత మేర విత్తకుండా వదిలేవాడు. వదలమని మావాళ్ళు అడిగిందీ లేదు, వదిలానని ఆయన చెప్పుకున్నదీ లేదు.

నాకు ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఏడాది భూములు కొలవడానికి సర్వే వాళ్ళు వచ్చారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కడినే కాబట్టి నాయన సెలవు పెట్టించి నన్ను తీసుకుపోయాడు. ఆ రైతు అరుగు మీద కూర్చుని, ఈ పొలంలో ఎవరికైనా దారి హక్కు ఉంటే ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాం అని సర్వే ఆయన తమిళంలో అడిగాడు. రాపించుకోండి, నాకేం అభ్యంతరం అని ఆ రైతే అన్నాడు. నాయన మాత్రం నొచ్చుకున్నాడు. "ఆయప్ప పెట్టిన ముద్ద తిని, ఆయప్ప నేలలో మాకు హక్కుందని యెట్ల రాపిస్తామప్పా? పోనిస్తా ఉండారు, పోతా ఉండాము. అంతే" అన్నాడు. అన్నం పెట్టిన ఇంటి మీద హక్కు అడగడం మావాళ్ళలో తలవంపు. అన్న నా వైపు చూశాడు, నువ్వేమంటావు అన్నట్టు. ఒక్కపూట సెలవుకు కూడా కాగితం రాసివ్వాల్సిన చోట పనిచేస్తున్న నాకు, కాగితమంటే ఏమిటో అక్కడున్న అందరికంటే బాగా తెలుసు. అయినా నాయన మాటకు ఎదురు చెప్పలేక తల ఊపాను. దారి హక్కు ఏదీ లేదని వాళ్ళు రాసిన దాని కింద సాక్షిగా సంతకం పెట్టింది నేనే. కొత్త ఉద్యోగం, కొత్త పెన్ను, అక్షరాలు గుండ్రంగా వచ్చాయని మురిసిపోయాను కూడా.

ఆ రైతు పోయాడు, నాయన పోయాడు. రైతు మనవళ్ళు పొలాన్ని లేఔటుకు అమ్ముకున్నారు, అమ్ముకోక ఏం చేస్తారు, వాళ్ళను అనేదేమీ లేదు. పోయిన ఏడాది సందుకు అడ్డంగా గోడ లేచింది, గేటు పడింది. డెబ్భై దాటిన అన్న మందను హైవే పక్కన తోలడం మొదలుపెట్టాడు. లారీ కింద రెండు గొర్రెలు పోయాయి.

ఇదంతా చెబితే ఇంజనీరు నిజంగానే బాధపడ్డాడు. మంచి పిల్లవాడు, వాళ్ళ సంఘంలో అడిగి చూస్తానన్నాడు, అడిగాడు కూడా. పొద్దునొకసారి సాయంత్రమొకసారి గేటు తీస్తే చాలు కదా అని కొందరు అన్నారట. చివరకు, "కాగితం ఏదన్న ఉంటే చూపియ్యమంటున్నరు అంకుల్" అని నసుగుతూ చెప్పాడు. నేను తాలూకా ఆఫీసుకు వెళ్ళి పాత సర్వే నకలు తీయించాను. అందులో ఇంకేదైనా రాసి ఉంటుందేమోనని ఏ మూలో ఆశ. ఏమీ లేదు, హక్కు లేదన్న ఆ ఒక్క వాక్యం, దాని కింద గుండ్రటి నా సంతకం. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను, ఇంజనీరుకు చూపించలేదు.

బేరిగై బస్సెక్కి అన్న దగ్గరికి వెళ్ళి నకలు చేతిలో పెట్టి, తప్పు నాదే అన్నాను. ఆయనకు చదవడం రాదు, వేలితో నా సంతకాన్ని తడిమి తిరిగి ఇచ్చేశాడు. "అప్పుడు నువ్వు చిన్నోడివి గదప్పా. మజ్జిగ తాగు" అన్నాడు. మరుసటి శుక్రవారం మంద మొత్తం సంతకు తోలేశాడు. తోడు వస్తానంటే వద్దన్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరైనా దేనికైనా ముందు కాగితం అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు. ఒకరి నేలలో ఒకరు అడక్కుండా నడిచి, అడక్కుండానే దారి వదిలి బతికిన మనుషులు ఇక్కడ ఉండేవారని కొత్తవాళ్ళకు ఎలా రాసి చెప్పాలో నాకు తెలియడం లేదు. అన్న రోజూ ఫోన్ చేస్తాడు, నా మోకాళ్ళ నొప్పి అడుగుతాడు, పిల్లల సంగతులు అడుగుతాడు. ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఏదో ఒక బదులు చెప్పుకునేవాణ్ణి.