గోడలో ఏటవాలుగా పోయిన వైరు

పక్షవాతం తర్వాత మా మామ ఎడమ కాలు ఈడుస్తూ నడిచేవాడు. మంచం నుంచి స్నానం చేసే బచ్చలి దాకా పట్టుకుని నడవడానికి గోడకు స్టీలు కడ్డీ బిగిస్తానన్నాడు మా ఆయన. రాయచూరులో మాది పాత ఇల్లు. రాతిగోడల మీద సిమెంటు పూత, వైర్లన్నీ దాని లోపలే.

మా ఆయన స్విచ్చి బోర్డుకు నేరుగా పైనా, పక్కనా వదిలేసి, దూరంగా నడుమెత్తున డ్రిల్లు పెట్టాడు. ఢామ్మని చప్పుడు. ఆయన వెల్లకిలా వచ్చి నా కాళ్ల దగ్గర పడ్డాడు. ఫ్యాను ఆగిపోయింది. అరచేయి కమిలింది గానీ ప్రాణానికేమీ కాలేదు. మంచం మీంచి మామ అంతా చూశాడు.

కరెంటు మిస్త్రీ వచ్చి పూత చెక్కి చూపించాడు. వైరు గోడలో ఏటవాలుగా పోయింది.

"బోర్డుకాడికెల్లి వైరు సీదా పైకన్న పోవాలె, సీదా పక్కకన్న పోవాలె. గట్లుంటె యాడ మొల కొట్టొద్దో తెలుస్తది. వైరు మిగులుతదని మూలకు మూల గుంజిండ్రు."

"మిగిలిన గోడలల్ల ఎట్లుందో?"

"తవ్వితెనే ఎరుక అక్కా. అందాక గోడలు ముట్టకుండ్రి."

నాలుగు రోజులు గదుల మధ్యలోనే నడిచాను. తడిచేతులతో వంటింటి గోడ పక్కకు పోవాలంటే ఒళ్లు ముడుచుకునేది. ఇల్లు నా మీదికి జరుగుతున్నట్టుండేది.

చివరికి మిస్త్రీ పాత వైర్లన్నిటికీ కరెంటు తీసేసి, గోడ పైపైన తెల్ల ప్లాస్టిక్ పట్టీలలో కొత్తవి లాగాడు. కడ్డీ బిగించాం. మామ దాన్ని ముట్టలేదు.

"కడ్డీ వద్దు బిడ్డ. నీ భుజం ఇయ్యి."

బజారులో ఒక దుకాణంలో రవికెలు కుట్టేదాన్ని. పనికి పోకుండా, కడ్డీ పట్టుకుంటాడేమోనని వారం చూశాను, నెల చూశాను. ఒక మధ్యాహ్నం విసుగొచ్చి, మామ ఎదుటే కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను.

"సూడు మామా! నాకేమన్న అయిందా?"

"నీకేం కాలె బిడ్డ. కొడుకు పడ్డది నా కండ్లల్లకెల్లి పోతలేదు."

కడ్డీ వదిలేశాను. మళ్లీ భుజమిచ్చాను.

ఇప్పుడు కుట్టుపని ఇంటికే తెచ్చుకున్నాను. మిషను తొక్కుతుంటే మామ పిలుస్తాడు, దారం తెంపి లేస్తాను. ఆయన బరువంతా నా కుడి భుజం మీద ఆనుతుంది. కోపం లేదు. కానీ మాన్విలో మా అక్క రెండు రోజులుండి పొమ్మని పిలిచినప్పుడల్లా వస్తాననే అంటాను. ఇంతవరకు బస్సెక్కలేదు.