గుమ్‌రే ప్రార్థనలో ఏడు పేర్లు

దక్షిణ కొరియాలో ఇంచియోన్ రేవు పక్కన మాన్సోక్ వాడలో గుమ్‌రే గొంతు ఎరగనివాళ్లు లేరు. ఇరవై ఏళ్లుగా ఆల్చిప్పలు ఒలిచి బతుకుతున్న మనిషి. చేతుల నిండా గాట్లు, మాటలో మొహమాటమన్నది లేదు. మొగుడు రేవులో మూటలు మోస్తూ క్రేను కింద పడి చచ్చిపోయిన ఏడాది ఆమెకు పిచ్చెక్కకుండా కాపాడింది తెల్లవారుజాము ప్రార్థన ఒక్కటే. అప్పట్నుంచి నాలుగింటికి రాత్రి కర్ఫ్యూ ఎత్తేసే సైరన్ మోగడం ఆలస్యం, శాలువా కప్పుకుని గుట్ట మీది చర్చికి ఎక్కేది. మంచు పడినా, ఒళ్లు కాలిపోతున్నా మానలేదు.

అక్కడి ప్రార్థన తీరే వేరు. అయ్యగారు రెండు వచనాలు చదివి, దీపాలార్పి, ప్రభువును మూడుసార్లు గట్టిగా పిలిపిస్తారు. ఆపైన ఎవరి మొర వాళ్లది. నూరుమంది ఒక్కసారే గొంతెత్తి ఏడుస్తారు, అడుగుతారు, దేవుడితో తగువు పెట్టుకుంటారు. అయ్యగారు బల్ల మీది గంట కొట్టేదాకా ఆపరు. ఆ హోరులో పక్కవాళ్ల మాట చెవిన పడినా విననట్టే ఉండాలన్నది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. అత్తాకోడళ్లు పక్కపక్కనే మోకరించి ఒకరి మీద ఒకరు దేవుడికి చాడీలు చెప్పుకుని, బయటికొచ్చి ఒకరి చెప్పులు ఒకరు అందించుకునేవారు.

డెబ్బై ఎనిమిదిలో గుమ్‌రే ఇంటి వెనక గదిలో మల్‌సుక్ అనే పిల్ల అద్దెకుండేది. పంతొమ్మిదేళ్లు. స్వెటర్ల మిల్లులో పని. పన్నెండు గంటలు నిలబడి, కునుకు రాకుండా మేస్త్రీ ఇచ్చే మాత్రలు మింగి పనిచేసేది. యూనియన్ పెడతామని ఆ పిల్ల తిరుగుతుంటే మొదట్లో గుమ్‌రే, నీకెందుకే ఈ గోల అని తిట్టేది. ఒకరోజు మల్‌సుక్ చూపుడువేలు మిషన్లో పడి నలిగిపోయింది. మిల్లువాళ్లు గుడ్డ చుట్టి మళ్లీ మిషన్ దగ్గరికే పంపారు. ఆ మర్నాడు ప్రార్థనలో గుమ్‌రేకి ఆ వేలు తప్ప ఇంకేదీ మనసులోకి రాలేదు. చర్చి దిగి తిన్నగా మిల్లు గేటుకు పోయి కాపలావాణ్ని కడిగేసింది. అప్పట్నుంచి అదే ఆమె దినచర్య. పొద్దున్నే మోకాళ్ల మీద పడి అడగడం, లేచి పోయి గేటు దగ్గర నిలబడడం. మోకరించని రోజున గేటు దాకా నడిచే ఓపిక రాదని చెప్పేది.

ఆ చలికాలం యూనియన్ పెట్టిన ఏడుగురు పిల్లల్ని, మల్‌సుక్‌తో సహా, మిల్లు గెంటేసింది. పోలీసులు వెతుకుతుంటే వాళ్లు రొయ్యల ఊరగాయ జాడీలు పెట్టే గోడౌనులో దాక్కున్నారు. శనివారం సియోల్ వెళ్లి పెద్ద చర్చి మెట్ల మీద, పేపర్లవాళ్ల ముందు నిరాహార దీక్షకు కూర్చోవాలని వాళ్ల ఆలోచన. అందాకా దొరక్కపోతే ఉద్యోగాలు తిరిగొస్తాయని ఆశ. దొరికితే అంతే సంగతులు. గుమ్‌రే చిప్పల బుట్ట అడుగున అన్నం పెట్టుకుని రోజూ వాళ్లకు చేరవేసేది.

గురువారం తెల్లవారుజామున ఆమె కడుపులో దుఃఖం ఆగలేదు. ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటే పట్టి మొరపెట్టుకుంది. దేవుడికి ఏది చెప్పినా అడ్రసుతో సహా చెప్పడం ఆమె అలవాటు, ఆయన ఎక్కడ వేరే ఇంటికి పోతాడోనన్నట్టు. వంతెన పక్క రొయ్యల గోడౌను అంది, నేలంతా చెమ్మ అంది, మల్‌సుక్‌కి దగ్గు అంది. రెండు బల్లల వెనక చర్చి సంఘపెద్ద తాక్ మోకరించి ఉన్నాడు. మిల్లులో మనుషుల్ని తీసుకునేదీ తీసేసేదీ ఆయనే. పొద్దెక్కకముందే పోలీసులు గోడౌను తలుపు పగలగొట్టి ఏడుగుర్నీ పట్టుకుపోయారు.

ఎవరు చెప్పారో ఎవరికీ అంతుపట్టలేదు. ఆదివారం చర్చి వాకిట్లో తాక్ గుమ్‌రే దగ్గరికొచ్చి, టోపీ తీసి, మెత్తగా అన్నాడు.

"చెల్లెమ్మా, దేవుడు మీ ప్రార్థన నాకు వినిపించాడు. ఆ పిల్లలు ఇంకా పాడైపోకుండా ఆపాడు. ఆయనకే స్తోత్రం."

గుమ్‌రే ఆరాధనకు ఆగకుండా గుట్ట దిగిపోయింది. ఆ మర్నాటి నుంచి సైరన్ మోగుతున్నా లేవలేదు. దుప్పటి ముసుగేసుకుని పళ్లు బిగించుకుని పడుకునేది. ముప్పై రోజులు ఆ చర్చి గుట్ట ఎక్కలేదు, మిల్లు గేటు దగ్గరికీ పోలేదు.

ముప్పయ్యో రోజున మల్‌సుక్‌ని వదిలారు. ముందు పన్ను ఒకటి లేదు. గుమ్‌రే వేడి పులుసు ముందు పెట్టి, ఆ పిల్ల తినడం అయ్యేదాకా ఆగి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. మల్‌సుక్ గిన్నె పక్కకు జరిపింది.

"లోపల ఎంత కొట్టినా మేం ఒక్క పేరు చెప్పలేదు పిన్నీ. మీరేమో, ఎవరూ అడక్కుండానే చెప్పేశారు."

"దేవుడికే చెప్పానే తల్లీ."

"ఇకమీదట నా పేరెత్తకండి. ఆయన దగ్గరా వద్దు."

సాయంత్రానికల్లా బట్టలు మూటగట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు గుమ్‌రే సైరన్‌కి లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు, ఇంట్లో ఉండలేకపోయింది. చర్చిలో దీపాలారాయి, హోరు మొదలైంది. గుమ్‌రే మొదటి బల్ల దగ్గర నిలబడి గొంతెత్తింది.

"ప్రభువా, ఆ పిల్లల పేర్లు నేనెత్తను, ఎత్తే హక్కు నాకు లేదు. నా వెనక మోకరించిన తాక్ పేరు చెబుతున్నా. నీ ఇంట్లో కూచుని నా మొర విని, పోయి పోలీసులకమ్మాడు. గుర్తుపెట్టుకో."

బల్ల తర్వాత బల్ల నోళ్లు మూతపడ్డాయి. తాక్ ఒక్కడే ఇంకా గట్టిగా స్తోత్రం స్తోత్రం అంటున్నాడు. అయ్యగారు కంగారుగా గంట కొట్టారు. గుమ్‌రే ఆపలేదు. ప్రార్థన చేసేవాళ్ల నోరు మూయించే ధైర్యం ఆ చర్చిలో ఎవరికీ లేదు. అయిపోయాక శాలువా సర్దుకుని మిల్లు గేటుకు నడిచింది.

అలా రెండేళ్లు, ఒక్క పూట తప్పకుండా. ఏడాది తిరక్కుండానే తాక్ ఇంకో చర్చికి మారాడు, అక్కడా ఆయన పెద్దే. గుమ్‌రేని బైబిలు చదువుల్లోంచి, స్త్రీల కూటంలోంచి తప్పించారు. మిల్లులో మాత్రలు పంచడం మానారు గాని, ఆ ఏడుగురి పేర్లూ దేశంలోని మిల్లులన్నిటికీ జాబితా కట్టి పంపారు. ఏ గేటూ వాళ్లకు తెరుచుకోలేదు.

ఒకసారి చేపల బజారులో గుమ్‌రేకి మల్‌సుక్ ఎదురుపడింది. వీపున బిడ్డ, చేతిలో ఐసు తట్ట. ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం. మల్‌సుక్ చూసీ చూడనట్టు తల తిప్పుకుని నడిచింది. పిలిస్తే ఆగేదేమో. నోటిదాకా వచ్చిన పేరును గుమ్‌రే మింగేసింది.