ఐలోనా గొంతు మగగొంతైన వైనం

ఐలోనా బొడ్నార్‌కి కోపం రావడం తూర్పు టొలీడోలో ఎవరికీ కొత్త కాదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా చలికాలమంతా రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతోంది. మంచు కురిసే రోజున వీధికి అడ్డంగా కారు పెట్టి పడుకున్నవాణ్ణి తలుపు బాది లేపి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికి రప్పించి కారు తీయించిన మనిషి. పాదిరీగారి కారైనా సరే, అడ్డం అడ్డమే. అయితే ఆ కోపానికి ఒక మంచి గుణం ఉంది. కారు తీయగానే చల్లారిపోతుంది. ఆ అక్టోబరులో వచ్చింది మాత్రం ఆ రకం కోపం కాదు. అది ముప్పై ఆరేళ్ళుగా పొయ్యి మీదే ఉంది. ఆ రోజు పొంగింది.

పొంగించింది ఒక అట్టపెట్టె. మఫ్లర్ సండే అని ఆ ఊళ్ళోనే పుట్టి దేశమంతా పేరు తెచ్చుకున్న రాక్ బృందం ఒకటుండేది. వాళ్ళ పాటలన్నీ ఒకచోట చేర్చి కంపెనీవాళ్ళు ఆ పెట్టె తెచ్చారు. నాలుగు పెద్ద రికార్డులు, రెండు చిన్నవి, విడిగా వచ్చిన తొమ్మిది పాటలు, వాటికి తోడు తొంభై పేజీల పుస్తకం. పైన బంగారు అక్షరాలతో 'సంపూర్ణం' అని ఉంది. మొదటి నాలుగేళ్ళూ ఆ బృందంలో బేస్ గిటార్ వాయించింది కాబట్టి ఐలోనాకి ఒక పెట్టె ఊరికే పంపారు. వంటింటి బల్ల మీద విప్పి, పుస్తకం తిరగేస్తూ ముప్పై రెండో పేజీ దగ్గర ఆగిపోయింది.

'గాజు దుమ్ము, 1987. పాడినవారు డ్వైట్ మెర్కర్. గాజు కొలిమిలో చెమటోడ్చిన తండ్రి కోసం ఒక కొడుకు పడిన వేదన. చరణం చివర డ్వైట్ తీసే ఆ అర్థం లేని మూలుగులో ఒక తరం కార్మికుల దుఃఖమంతా ఉంది.'

ఐలోనా రెండుసార్లు చదివింది. మూడోసారి, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా, పైకి చదివింది.

"కొలిమిలో చెమటోడ్చాడా? వాడి నాన్న పెరిస్‌బర్గ్‌లో పళ్ళ డాక్టరు!" అని గోడలకి చెప్పింది.

పళ్ళ డాక్టరు కావడం తప్పేమీ కాదు. ఆయన ఊళ్ళో సగం మందికి దవడలు బాగుచేసిన పెద్దమనిషి. కానీ గాజు కొలిమిలో ముప్పై ఒక్క ఏళ్ళు చెమటోడ్చింది ఫెరెన్స్ బొడ్నార్, ఐలోనా తండ్రి. హంగరీలో తిరుగుబాటు అణచడానికి ట్యాంకులు దిగిన ఏడాది, ఒంటి మీదున్న ఒక్క కోటుతో సముద్రం దాటి వచ్చి టొలీడోలో పడ్డ మనిషి. మొదటి షిఫ్టు ముగించుకుని సాయంత్రం నాలుగుకి ఇంటికొచ్చేవాడు. జుట్టులో సన్నటి గాజు పొడి మెరుస్తూ ఉండేది. అది దిండుకి అంటితే అందరి ముఖాలూ గీరుకుపోతాయని, బడి నుంచి వచ్చిన ఐలోనా ఆయన్ని వెనక వరండా మెట్టు మీద కూర్చోబెట్టి సన్నపళ్ళ దువ్వెనతో దువ్వేది. "కదలకు అపూ" అనేది. అపు అంటే వాళ్ళ భాషలో నాన్న. మన చెవికి 'ఆపు' అన్నట్టుంటుంది గానీ, ఆ పిల్ల నోట అంతకంటే ముద్దైన మాట లేదు.

ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో ఆ దువ్వెన మీదే పాట కట్టింది. బృందంలో పాడే డ్వైట్ ఇంటి నేలమాళిగలో, బట్టలుతికే యంత్రం పక్కన నిలబడి తనే పాడింది. ప్రతి చరణం చివరా 'అపూ' అని పిలిచింది.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. చేసింది ఐలోనానే, ఆమే ఒప్పుకుంటుంది. ఆ పాటని పెద్ద పళ్ళెమంత రికార్డుగా అయిదు వందలు వేయించారు. చప్పుడు గట్టిగా వస్తుందని డ్వైట్ ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరిగేలా కొట్టమన్నాడు. ఆ సంగతి ఐలోనాకి చెప్పలేదు. రికార్డు నడుమ అతికించే చీటీలు టైపు కొట్టింది ఆమె. ఇంట్లో ఉన్న పెద్ద రికార్డులన్నీ ముప్పై మూడు చుట్లవే కదా అని, చీటీ మీద ముప్పై మూడు అని కొట్టింది.

యూనివర్సిటీ రేడియోలో ఓ కుర్రవాడు చీటీ మీదున్నట్టే, అసలు వేగం కన్నా నెమ్మదిగా వేశాడు. ఆడపిల్ల గొంతు కిందికి జారి, చిక్కబడి, పాకం పట్టిన మగవాడి గొంతయింది. పాట కాస్తా ఏడుపయింది. వారం తిరిగేసరికి "ఆ దిగులు గొంతువాడు ఎవరు?" అని రేడియోకి ఒకటే ఫోన్లు. బృందంలో ఉన్న మగగొంతు డ్వైట్ ఒక్కడిదే కాబట్టి అందరూ అతనే అనుకున్నారు.

"ఇలాగే వదిలేద్దామే లోనీ. మన తప్పు మనకన్నా బాగా పాడుతోంది" అన్నాడు డ్వైట్.

ఐలోనా కూడా పగలబడి నవ్వింది. నవ్వకేం చేస్తుంది, ఆ వయసులో అదో పెద్ద తమాషా. అప్పటినుంచి వేదికల మీద ఆ పాట డ్వైట్ పాడాడు, రికార్డు మీద ఉన్నంత నింపాదిగా, ఉన్నంత బరువుగా. మూలుగు కూడా నేర్చుకున్నాడు.

కంపెనీ వచ్చి పాటని పెద్ద రికార్డులో కలిపినప్పుడు ఆ జారిన గొంతునే ఎక్కించి, కింద డ్వైట్ పేరు వేసింది. అప్పటికి ఐలోనా బృందం వదిలేసి లారీ నడపడం నేర్చుకుంటోంది. ఫోన్ చేసి అడిగితే "కంపెనీ పొరపాటే. వచ్చే ముద్రణలో సరిచేయిస్తా" అన్నాడు. క్యాసెట్టు వచ్చింది, అదే పేరు. సీడీ వచ్చింది, అదే పేరు. పదేళ్ళ పండగ అని ఒకటి, ఇరవయ్యేళ్ళ పండగ అని ఇంకొకటి వచ్చాయి. ప్రతిసారీ అదే జవాబు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఇక్కడ సోకు చేసుకున్నవాడికి సొమ్ము తనది కాదన్న సంగతే గుర్తు లేకుండా పోయింది.

పేరు పోతే పోయిందని ఐలోనా ఎప్పుడో సర్దుకుంది. ఆమె కడుపు మండటానికి కారణం వేరే ఉంది. తొంభై మూడులో ఓ మధ్యాహ్నం తండ్రిని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంటే కారు రేడియోలో ఆ పాట వచ్చింది. ముసలాయన చెవి ఒగ్గి విన్నాడు.

"ఎవరే ఈ కుర్రాడు? గాజు ఫ్యాక్టరీ వాళ్ళ పిల్లాడే అయుంటాడు. నాన్నంటే ప్రాణంలా ఉందే పాపం. ఆ తండ్రెవరో గానీ అదృష్టవంతుడే తల్లీ" అన్నాడు.

'నేనే అపూ, నీ మీదే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కారులో కాదు, ఇంట్లో రికార్డు సరైన వేగంతో పెట్టి, తన గొంతే వినిపించి చెబుదామనుకుంది. రికార్డు ప్లేయర్ బెల్టు తెగి ఉంది. బెల్టు కొనాలి, రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే ఏప్రిల్‌లో ఆయన పోయాడు. ఎవరో కుర్రాడి తండ్రి అదృష్టాన్ని మెచ్చుకునే పోయాడు.

ఇప్పుడు ఆ తండ్రిని కూడా డ్వైట్ ఖాతాలో వేశారు.

శనివారం మధ్యాహ్నం రోలండ్ సాబో రికార్డుల కొట్లో డ్వైట్ పెట్టెల మీద సంతకాలు చేస్తున్నాడని ఐలోనాకి తెలుసు. పసుపుపచ్చ పని కోటుతోనే, పాత రికార్డు చంకన పెట్టుకుని వెళ్ళింది. కొట్లో నలభైమంది వరస కట్టి ఉన్నారు. ఆమె వరస పక్కనుంచి నేరుగా బల్ల దగ్గరికి నడిచింది.

"లోనీ! నువ్వొస్తావనుకోలేదే!" అని డ్వైట్ లేవబోయాడు. జుట్టు నెరిసింది, టోపీ పెట్టుకున్నాడు, నవ్వు మాత్రం అదే.

"కూచో. ముప్పై రెండో పేజీ చదివి ఉండబట్టలేక వచ్చా."

"అది నేను రాయలేదే బాబూ. కంపెనీవాళ్ళు రాయడానికి పెట్టుకున్నాయన రాశాడు."

"అచ్చుకి ముందు నీకు చూపించలేదా?"

డ్వైట్ టోపీ సర్దుకున్నాడు. "చూపించారు."

"మరి నీ కళ్ళేమయ్యాయి?"

"చదవడానికి బాగుంది కదా అని ఊరుకున్నా. మనసులో పెట్టుకోకు. వచ్చే ముద్రణలో తప్పకుండా…"

"వచ్చే ముద్రణకి మా నాన్న లేచొస్తాడా?"

ఆ మాటకి వరసలో ముందున్నవాళ్ళు తల తిప్పారు. ఐలోనా అప్పటికే కొట్టు యజమాని దగ్గరికి వెళ్ళింది. రోలండ్ ఆ పేటవాడే, హంగరీ నుంచి వచ్చినవాళ్ళ బిడ్డే, డెబ్భై దాటినవాడు.

"రోలండ్, ఇది పెట్టు. నలభై అయిదులో."

"ఇది ముప్పై మూడుదమ్మాయ్. చీటీ మీద రాసుంది చూడు."

"ఆ చీటీ టైపు కొట్టిన మొద్దు నేనే. పెట్టు."

రోలండ్ మీట తిప్పి, ముల్లు దించాడు. పాట గబగబా పరుగెత్తింది, పైన ఓ ఆడపిల్ల గొంతు. వరసలో నవ్వులు మొదలయ్యాయి.

"ఎలకపిల్ల పాడినట్టుంది!" అన్నాడు ఒకడు.

"స్పీడు తగ్గించండి సార్, మంచి పాట పాడుచేస్తున్నారు" అన్నాడు ఇంకొకడు.

ఐలోనా ముఖం కందగడ్డయింది. ముప్పై ఆరేళ్ళు అబద్ధం విని విని, అసలు గొంతు వినపడితే వీళ్ళకి నవ్వొస్తోంది. నోరు తెరవబోయింది. అంతలో మొదటి చరణం అయిపోయి, ఆ పిల్ల 'అపూ' అని పిలిచింది.

గుడ్డతో రికార్డు అట్టలు తుడుస్తున్న రోలండ్ చెయ్యి ఆగింది. ముల్లు ఎత్తి వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ 'అపూ'.

"నవ్వు ఆపండెహె! ఇది మూలుగు కాదు. అపు అంటోంది. నాన్నా అని పిలుస్తోందిరా ఈ పిల్ల. ముప్పై ఏళ్ళుగా ఈ పాట అమ్ముతున్నా, నా భాష నాకే వినపడలేదు" అని అరిచాడు. తర్వాత ఐలోనా వైపు చూశాడు. "ఫెరెన్స్‌నా?"

ఐలోనా తల ఊపింది. రోలండ్ పాటని చివరిదాకా వినిపించాడు. అయ్యాక వరసలో ఒక లావుపాటాయన మొహమాటంగా చెయ్యి ఎత్తాడు.

"ఏమనుకోకండి, నాకు నిదానంగా ఉన్నదే ఇష్టం."

"ఇష్టపడు నాయనా, ఎవరొద్దన్నారు? ఎవరి నాన్నో తెలుసుకుని ఇష్టపడు" అని ఆమె డ్వైట్ వైపు తిరిగింది. "ఏరా, ఇంతమందిలో చెప్పు. మీ నాన్న ఏం చేసేవాడు?"

"లోనీ, ఇక్కడొద్దే."

"మరెక్కడ? వచ్చే ముద్రణలోనా?"

డ్వైట్ అందరి ముఖాలూ చూశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"పళ్ళ డాక్టరు" అన్నాడు. ఐలోనా వైపు చెయ్యి చూపించి, "పాడింది కూడా నేను కాదు. ఈవిడ" అన్నాడు.

ఎవరో చప్పట్లు కొట్టబోతే ఐలోనా చూసిన చూపుకి ఆ చేతులు జేబుల్లోకి వెళ్ళాయి. ఇదేం వినోదం అనుకున్నారు వీళ్ళు? ఆమె డ్వైట్ చేతిలోని కలం లాక్కుని, వరసలో మొదటివాడి పెట్టెలోంచి పుస్తకం తీసి, ముప్పై రెండో పేజీలో ఆ మూడు వాక్యాలూ అడ్డంగా కొట్టేసింది. తన పేరు రాద్దామనే కలం తీసుకుంది. చెయ్యి ఆనించాక వేరేది వచ్చింది. 'ఈ పాట ఫెరెన్స్ బొడ్నార్‌ది. గాజు కొలిమి, మొదటి షిఫ్టు, ముప్పై ఒక్క ఏళ్ళు. అది మూలుగు కాదు, ఆయన్ని పిలిచాను. కూతురు.' పుస్తకం మూసి వాడి చేతిలో పెట్టింది.

లావుపాటాయన వెంటనే తన పెట్టె విప్పి ముందుకి తోశాడు. "నాది కూడా దిద్దండి." వెనకవాళ్ళు కూడా పెట్టెలు విప్పడం మొదలుపెట్టారు. రోలండ్ బల్లకి అవతల ఇంకో కుర్చీ వేశాడు. వరస మెల్లగా డ్వైట్ ముందునుంచి జరిగి ఐలోనా ముందుకి వచ్చింది. ప్రతి పుస్తకంలోనూ ఆమె మొత్తం రాసింది, ఒక్క మాట తగ్గించలేదు.

తొమ్మిదో పుస్తకమో పదో పుస్తకమో రాస్తుండగా పక్కనుంచి ఒక పుస్తకం ఆమె ముందుకి జరిగింది. చెయ్యి చూస్తేనే తెలుస్తుంది ఎవరిదో.

"నాది కూడా దిద్దవే లోనీ" అన్నాడు డ్వైట్.

ఆమె తల ఎత్తలేదు.

"లైన్లోకి రా" అంది.