ఎనిమిది మైకులా, రెండు మైకులా?

మదనపల్లెలో మా చర్చి బ్యాండు పాటలను మా ఇంటి కంప్యూటర్‌లోనే రికార్డు చేద్దామనుకున్నాం. మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టె రెండింటిది కొనాలా, ఎనిమిదింటిదా? రెండైతే అన్నీ కలిసిపోతాయి, ఎవరి మైకు వారికుంటే విడివిడిగా రికార్డవుతాయని అందరూ ఎనిమిదే అన్నారు. ఈ రోజు పుంగనూరు మిత్రుడి ఎనిమిది మైకుల పెట్టె అడిగి తెచ్చి ఒక పాట రికార్డు చేశాను. ఎవరిది వారికి విడిగా వినిపిద్దామని, ముందు పన్నెండేళ్లుగా వాయిస్తున్న ప్రభుదాసన్న గిటారు పెట్టాను. ఆయన ముఖం వాడిపోయింది.

“ఇది నేను వాయించిందేనా అప్పా?”

“నీదేనన్నా. ఒక తీగ శ్రుతిలో లేదు.”

“ఎనిమిది యాలప్పా? రెండు సాలు. అందరం కలిసుంటేనే గదా ఐక్యత.”

ఇంకా వంతు రాని ముగ్గురూ వెంటనే సరేనన్నారు. రెండింటిదే ఆర్డరు పెట్టాను. నా కీబోర్డు ట్రాకును మాత్రం ఎవరూ వినకముందే చెరిపేశాను. మీరైతే వినిపించేవారా?