గోడమెట్టకు మావ ఏరిన రాయి

మావ పోయాడని జూన్ మొదట్లో ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేను కాలేజీలో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. పొద్దున్న గంజి తాగి, వల ముందేసుకుని కూర్చున్నాడట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. పెట్టేసే ముందు ఆమె అడిగింది.

"ఈ ఏడు గంగమ్మకెట్టే రాయి ఏరేసి గుమ్మం కాడ ఎట్టేసినాడు మేష్టరమ్మా. దాన్నేటి సెయ్యమంటావు?"

నేనొస్తానన్నాను.

మీలో ఎవరైనా గోడమెట్టకు వెళ్ళి ఉంటే అక్కడి పురావస్తు శాఖ నీలం బోర్డు చదివే ఉంటారు. వెళ్ళనివాళ్ళ కోసం చెబుతాను. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక చిన్న లంక ఉంది. లంక మధ్యలో మెట్ట. మెట్ట నెత్తిన తలపాగా చుట్టినట్టు రాతిగోడ, ఒకచోట నడుమెత్తు, ఒకచోట మోకాలెత్తు, సముద్రం వైపు సగానికి సగం కూలిపోయి. ఆ లంకకు పడవ వేసేవాడు మావ. నాకు చుట్టం కాదు. ఆ ఊళ్ళో అందరికీ మావే, నాకూ మావే అయ్యాడు.

మొదటిసారి ఆయన పడవ ఎక్కినప్పుడు నేను పరిశోధన చేసే పిల్లని. కోటబొమ్మాళి పక్క వరి పండించుకునే ఇంట్లో పుట్టాను, చెరువు తప్ప నీళ్ళెరగను. శ్రీముఖలింగంలో అన్ని శాసనాలూ శిల్పాలూ పెట్టుకుని ఈ రాళ్ళకుప్ప మీద పడ్డావేమిటని మా ప్రొఫెసరుగారు విసుక్కునేవారు. ఆయన మాటే నిజమేమో అనుకుంటూనే వచ్చాను. ఏరు దాటి అల తగిలేసరికి కడుపులో తిప్పింది. పడవ అంచు పట్టుకుని వేలాడుతుంటే మావ నడుముకున్న మూటలోంచి చింతపండు ఉండ తీసి చేతిలో పెట్టాడు.

"నీళ్ళకేసి సూడకు. మెట్టకేసి సూడు. అది కదల్దు."

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు వెళ్ళానో. టేపు ఒక కొస ఆయన పట్టుకునేవాడు, రెండో కొస నేను. కొలత చదివి రాసుకుంటూ ఇది బురుజు కావచ్చు, ఇది మెట్ల దారి కావచ్చు అని పైకే అనుకునేదాన్ని. మావ వింటూ వింటూ ఒకరోజు టేపు వదిలేశాడు. "నీ నోట కావొచ్చు తప్పించి మరో మాట రాదేటి గుంటా? మీ ఆయన్ని సూసినా మా ఆయన కావొచ్చు అంతావేటి?" అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. అయ్యాక ఆయన ఆ మాట మా ఆయన ముందే మళ్ళీ అన్నాడు.

నా అనుమానానికి కారణం లేకపోలేదు. వేసవిలో చేపల వేట నిషేధం రెండు నెలలూ అయ్యాక, మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళే తొలిరోజు, ఒక్కో పడవవాళ్ళు నీటి అంచున ఒక్కో రాయి ఏరుకుంటారు. లంక దగ్గర ఆగి, మెట్టెక్కి, గంగమ్మ పేరు చెప్పి ఆ రాయి గోడ మీద పెట్టి, అప్పుడు వేటకు వెళతారు. ఎన్ని తరాలుగా చేస్తున్నారో వాళ్ళకే తెలియదు. ఇన్నేళ్ళు ఇన్ని పడవలు ఒక్కో రాయి పెడితే మొత్తం గోడే లేచిపోదా? కోట అని నేను మురిసిపోతున్నది మొక్కుబడి రాళ్ళ వరసేమో. చివరికి సిద్ధాంత గ్రంథంలో, పాతకాలపు కోట కావచ్చు, మత్స్యకారుల మొక్కుబడి నిర్మాణమూ కావచ్చు అని రాశాను. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. గోడ అక్కడే ఉండిపోయింది.

నాలుగేళ్ళ కిందట దానికి ముప్పు వచ్చింది. ఒడ్డున పడవల రేవు కట్టే కాంట్రాక్టరు కన్ను ఆ రాళ్ళ మీద పడింది. చేపలవాళ్ళు పేర్చిన రాళ్ళే కదా అన్నాడట. అలా అనడానికి వీలుగా రాసిపెట్టింది నేనేనని తలచుకుంటే నిద్ర పట్టలేదు. ఉత్తరాలు పెట్టగా పెట్టగా పురావస్తు శాఖ నుంచి ఒక అధికారి వచ్చి చూస్తానన్నారు. గోడ కింద గజం వెడల్పున తవ్వి చూడడానికి అనుమతి కూడా ఇచ్చారు. ఆయన పాతదంటే గోడ ఉంటుంది, కాదంటే రేవులోకి పోతుంది. మూడు రోజుల ముందు మావకు ఫోన్ చేశాను. పెద్ద ఆఫీసరుగారు గోడ చూడడానికి వస్తున్నారు, పడవ సిద్ధంగా ఉంచమన్నాను. అంతే చెప్పాను. ఇంకొంచెం చెప్పి ఉండాల్సింది.

ఆ రోజు అధికారితో మెట్టెక్కి చూద్దును కదా, కూలిపోయిన పక్కంతా గోడ ఛాతీ ఎత్తున నిటారుగా నిలబడి ఉంది. సందుల్లో తడి బంకమన్ను ఇంకా ఆరలేదు. మావ పదిమందిని వేసుకుని రెండు రోజులు కష్టపడ్డాడట. కొత్త తువ్వాలు భుజాన వేసుకుని మా కోసం ఎదురుచూస్తున్నాడు.

"పెద్దోళ్ళొస్తే పడిపోయిన గోడ సూపిత్తామేటి? పరువు పోదూ?"

అధికారి మట్టిని వేలితో తాకి చూశారు. ఇది మొన్న కట్టిందండీ అని పెన్ను మూత పెట్టేశారు. కాంట్రాక్టరు మనిషి ఒకతను మాతోపాటే వచ్చాడు, పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. సిగ్గుచేటు ఏమిటంటే, అధికారి చెప్పిందే నిజమేమోనని ఆ క్షణంలో నాకూ అనిపించింది.

ఏమయిందని మావ అడిగాడు. చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. తువ్వాలు తీసి తలకు చుట్టుకుని అధికారి ముందుకెళ్ళాడు.

"బాబూ, ఇందల మా రాళ్ళేవో నాను సూపిత్తాను. మెట్టరాయి మేం ముట్టుకోం, అది అమ్మది. మేం ఎట్టినవన్నీ నీటిరాళ్ళే."

పైవరసలో ఒక నల్లరాయి ఊడదీసి తిరగేశాడు. అడుగున తెల్లటి సముద్రపు గుల్లలు అంటుకుని ఉన్నాయి. "మెట్ట మీద పుట్టిన రాయికి గుల్లలు ఎలగొస్తాయి, మీరే సెప్పండి."

అంతే, తను కట్టిన గోడను తనే విప్పడం మొదలుపెట్టాడు. ఒడ్డునున్న మనుషుల్ని కేకేస్తే వాళ్ళూ వచ్చారు. రెండు రోజుల పనిని రెండు గంటల్లో దించేశారు. నల్లవి, నున్ననివి, గుల్లలున్నవి ఒక్కటొక్కటే కిందికి పోయాయి. బూడిద ఎరుపు మెట్టరాళ్ళు కదలకుండా ఉండిపోయాయి. ఎన్నో ఏళ్ళు ఆ గోడను అంగుళం అంగుళం కొలిచాను గానీ, ఒక్క రాయిని తిరగేసి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

మిగిలింది మోకాలెత్తే. దాని పక్కనే తవ్వాం. గోడ నేలలోకి ఆరు వరసలు దిగి ఉంది. లోపలి పక్క ఒక వరస, బయటి పక్క ఒక వరస, నడుమ కూరిన మట్టి. మొక్కుబడికి ఎవరూ అలా కట్టరు. అట్టడుగు రాయి కింద నల్లటి బూడిద పొర, అందులో ఎర్రటి కుండ అంచు పెంకు. గుల్ల అన్నది ఎక్కడా లేదు.

అధికారి గొంతుక్కూర్చున్నారు. చాలాసేపు పెంకును చేతిలో తిప్పి చూసి, తలెత్తి నన్నడిగారు. "ఏమంటారు మేడమ్, కోటేనా?"

కావచ్చు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మావ రాయి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయి నాకేసి చూస్తున్నాడు.

"కోటే" అన్నాను.

మావ రాయి కింద పడేసి నవ్విన నవ్వు ఏటి అవతలి గట్టు దాకా వినబడే ఉంటుంది. "ఇన్నాళ్ళకి ఒప్పుకుంది గుంట" అన్నాడు అందరితో. కాంట్రాక్టరు మనిషి మా కంటే ముందే మెట్ట దిగిపోయాడు.

బూడిదలోని బొగ్గును పరీక్షకు పంపితే, ముఖలింగేశ్వరుడి గుడి కంటే ముందే ఆ గోడ ఉందని తేలింది. ఆ కబురు చెబితే మావ ఆశ్చర్యపోలేదు. మరుసటేడు తవ్వకాల్లో కోట గుమ్మం కోసం మేము ఒకవైపు వెతుకుతుంటే, ఏ గాలికైనా పడవ నిలిచే మూల ఇటున్నాదని ఆయన ఇంకోవైపు చూపించాడు. గుమ్మం అక్కడే దొరికింది. నీలం బోర్డు పెట్టిన రోజు ఆయనకు చదవడం రాదు కాబట్టి నన్ను చదివి వినిపించమన్నాడు. మీ పేరు వెయ్యలేదు మావా అని నొచ్చుకున్నాను. ఆయనకు కావలసింది అది కాదు.

"అందల కావొచ్చు ఉన్నాదేటి?"

లేదన్నాను. "మరింకేటి" అని బీడీ ముట్టించుకున్నాడు.

అప్పట్నుంచి గోడ మీద ఎవరినీ రాయి పెట్టనివ్వలేదు మావ. తాతలనాటి ఆచారం నువ్వు మార్చేదేమిటని ఊళ్ళో గొడవపడ్డారు. కింద పడవలు ఆగేచోట పెడితే గంగమ్మకు కనపడదేటని ఆయన వాదించాడు. ముందు తన రాయి తీసుకెళ్ళి అక్కడ పెట్టాడు. ఆ ఏడు ఆయన పడవకు మంచి వేట పడింది. తర్వాతి ఏడు అందరూ అక్కడే పెట్టారు.

ఈ జూన్‌లో తొలి వేట రోజున చావు జరిగిన ఇంటి పడవ ఆఖరున కదలాలి. అలాంటిది ఊరి పడవలన్నీ ఆగి మావ పడవను ముందు పోనిచ్చాయి. ఆయన కూతురు తెడ్డు వేసింది. ఆయన ఏరిన రాయి నా ఒళ్ళో ఉంది. ఎక్కే ముందు నీటిలో ముంచింది కాబట్టి నా చీరంతా తడిసిపోయింది. బరువుగా ఉంది. అల తగిలినప్పుడు నేను నీళ్ళకేసి చూడలేదు.

రాయిని మిగతావాటి మీద పెట్టే ముందు తిరగేశాను. గుల్లలున్నాయి. కుదురుగా నిలిచేలా పెట్టి పడవెక్కాను. నన్ను ఒడ్డున దించడానికి ఆయన కూతురు పడవను ఏట్లోకి మళ్ళించింది. వెనకాల డప్పు మోగుతోంది, ఒక్కో పడవా వచ్చి ఆగుతోంది. మెట్ట మీద గోడకు ఒక్క నల్లరాయీ లేదు. కింద కుప్పలో కిందటేటి రాళ్ళు ఎండి తెల్లబడి ఉన్నాయి. వాటి నెత్తిన మావ రాయి ఒక్కటే తడిగా, నల్లగా, ఎండకు మెరుస్తూ ఏరు మలుపు తిరిగేదాకా కనబడుతూనే ఉంది.