మాల తీసిన మర్నాటి పాలు

2022 చలికాలం. బొబ్బిలి దగ్గర పల్లెలో మా పాలకేంద్రం. పొద్దున్నే క్యాన్లతో వరస కట్టే జనం దగ్గర పాలు పరీక్షించి తీసుకోవడం నా పని. లాక్టోమీటర్ అని ఒక గాజు గొట్టం ఉంటుంది. మంచి పాలలో అది ఇరవై ఎనిమిది దగ్గర తేలుతుంది, నీళ్ళు కలిస్తే మునిగి అంకె తగ్గుతుంది. దానికి చుట్టరికాలు తెలియవు. ఆ సుఖం నాకు లేదు.

సింహాచలం మావ మా ఆయనకు మేనమామ. ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. ఆ నలభై ఒక్క రోజులూ చన్నీటి స్నానం, నేల పడక, అందరి నోటా స్వామీ అనే పిలుపు. ఆయన పాలు ఇరవై తొమ్మిదికి తగ్గవు. శబరిమల వెళ్ళొచ్చి మాల తీసిన మర్నాడు ఇరవై మూడు! మూడేళ్ళు చూశాను. నా నోటికి ఊరంతా జడుస్తుంది గానీ, కాపురానికొచ్చిన కొత్తలో నన్ను కూతురిలా చూసుకున్న మనిషిని ఏమని అడగను? పుస్తకంలో ఇరవై ఎనిమిది రాసి పెద్ద క్యానులో పోసేసేదాన్ని.

ఆయన్ని చూసి మరో నలుగురు నీళ్ళు కలపడం మొదలెట్టారు. వాళ్ళూ పూజలు తప్పనివాళ్ళే. ఆ ఏడు మావ ఇంకా మాలలో ఉండగానే చిల్లింగ్ సెంటర్, అంటే ఊళ్ళ పాలన్నీ చల్లబరిచే చోటు, మా క్యాన్లు తిప్పి పంపింది. ఇంకోసారి ఇలా జరిగితే కేంద్రం మూసేస్తామన్నారు. గేదె తప్ప ఆధారం లేని ఆడవాళ్ళు మా ఊళ్ళో ఎంతమందో. నాకు అన్నం సయించలేదు.

మావ మాల తీసి పాలు తెచ్చిన రోజు, కావాలనే ఆయన్ని ఆఖరున ఉంచాను. అందరూ వెళ్ళాక లాక్టోమీటర్ వేసి, స్వామీ, ఓసారి చూడు అన్నాను. ఇరవై మూడు.

"మాల తీసీసినాను గదమ్మా, ఇంకా స్వామీ అంటావేటి?" అని నవ్వాడు.

"మూడేళ్ళుగా సూస్తన్నాను, మాలలో ఉన్నన్నాళ్ళూ నీ పాలల్లో సుక్క నీరు లేదు మావా. మాలతోపాటు స్వామినీ కొండ మీదే వదిలీసి వచ్చినావేటి?"

నవ్వు పోయింది. అందరూ కలుపుతున్నారని గొణిగాడు గానీ ఆ మాట ఆయనకే రుచించలేదు. అరుగు మీద కూలబడి ఖాళీ మెడ తడుముకున్నాడు.

"మెడలో మాలుంటే ఆయన సూస్తన్నాడని బయ్యం. తీసీగానే ఎవుడూ సూడ్డనిపిస్తాది. నువ్వు మూడేళ్ళు సూసినావు గదమ్మా. కూతురులాటిదానివి, ఒక్కసారైనా సెప్పలేదేటి?"

నిందలా అనలేదు, నొచ్చుకుని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. రోజూ దేవుడికి దీపం పెట్టి వచ్చి, ఆ చేత్తోనే దొంగ అంకె వేశాను. తప్పు నాదే ఎక్కువని చెప్పాను. ఆయన క్యాను ఎత్తుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు వరసలో అందరికంటే ముందు నిలబడ్డాడు. అంకె గట్టిగా చదవమన్నాడు, అందరూ వినాలన్నాడు. ఇరవై తొమ్మిది. వెనక ఇద్దరు మెల్లగా క్యాన్లు పట్టుకుని ఇంటిదారి పట్టారు.

అప్పట్నుంచి ఎవరి పాలలో తేడా ఉన్నా ఆ పూటే చెబుతున్నాను. అయినవాళ్ళు అలుగుతారు, అలగనీ. మావ నా మీద మూడేళ్ళ ముందే అలిగి ఉంటే, మూడేళ్ళ ముందే బాగుపడేవాడు.